పదో మనిషి

తెల్లవారి ఆరు గంటలకు ఆరోగ్య కేంద్రం మెట్ల ముందు పది బుట్టలు వరసలో ఉన్నాయి. ఒక్క మనిషీ లేదు.

ఋతుజకు మొదట నవ్వొచ్చింది. తరువాత ఒంగి ఒక్కో బుట్టలోకి తొంగి చూసింది. ఒకదానిలో చిరిగిన గోనె ముక్క, ఒకదానిలో ఖాళీ నీళ్ల సీసా. ఇంకోదానిలో ఏమీ లేదు గాని దాని అంచుకు ఎర్ర దారం కట్టి ఉంది. అత్త యమునాబాయి తన బుట్టను అన్నిటికన్నా వెనక పెట్టి, రెండు వేళ్లతో కొంచెం కుడికి జరిపి, వరస నిటారుగా ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూసుకుంది.

"అయిపాయె. పా, పోదం."

"మరి నిలబడేది లేదా అత్తమ్మా?"

"బుట్టి నిలబడ్డది గదా."

"బుట్టికి ఇస్తరా లస్?"

ఈ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అందరూ కరోనా టీకాను మరాఠీలోలాగా లస్ అనే అంటారు. యమునాబాయి కోడలి ముఖంలోకి చూసి, వెక్కిరింత కాదని తేల్చుకుని, నడుస్తూ చెప్పింది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి ఇరవయ్యారేండ్లుగా ఇదే పద్ధతి. పొద్దున్నే బుట్టి పెట్టి ఇంటికి పోవచ్చు, వంట చేసుకోవచ్చు, పిల్లలకు జడలు వేసుకోవచ్చు. గేటు తెరిచే వేళకు వచ్చి ఎవరి బుట్టి వెనక వాళ్లు నిలబడతారు. ఒకరి బుట్టి ఇంకొకరు జరపరు.

"ఎవరన్నా జరిపితే?"

"ఇప్పటిదాంక ఎవ్వల్ జరపలే."

"జరిపితే ఏమైతది అంటున్న?"

"ఏందే నీ సవాళ్లు! మగ్గం మీది తానీ పోగుల్లెక్క ఒకదాని ఎన్క ఒకటి," అంది యమునాబాయి, కాని విసుగు లేదు గొంతులో.

పెళ్లై రెండు నెలలే. ఋతుజ భివండిలో పుట్టి పెరిగింది, అక్కడే బీయే చదివింది. ఇంట్లో మగ్గాల చప్పుడు తప్ప బీడీ ఎలా చేస్తారో చూసి ఎరగదు. ఇక్కడ ప్రతిదీ ఆమెకు వింతే. పొద్దున ఆరింటికి గల్లీ అంతా ఒకేసారి కత్తెరలు ఆడుతున్న చప్పుడు, తడి గోనెలో చుట్టిన ఆకు నుంచి వచ్చే వాన వాసన, అత్త కుడి చేతి బొటనవేలి గోరు మిగిలిన గోళ్లకన్నా పొడుగ్గా, మందంగా ఉండటం. బీడీ కొనను లోపలికి మడవడానికి ఆ గోరే పనిముట్టు. అన్నీ గుర్తు పెట్టుకుని సాయంత్రం టవల్ కార్ఖానా నుంచి వచ్చే భర్త ప్రతీక్‌కు చెబుతుంది. కనుబొమల మీద తెల్లటి దూదితో వస్తాడతను. ఆ దూదిని ఊది ఎగరగొట్టడం ఆమెకు ఇష్టం. అందుకే అతను గుమ్మం బయట దులుపుకోకుండా వస్తున్నాడని ఆమెకు అనుమానం.

తొమ్మిదింటికి యమునాబాయి కట్టలు కట్టిన బీడీలను ఇంకో బుట్టిలో సర్దుకుని కార్ఖానాకు బయలుదేరింది. గుమ్మం దాటుతూ ఆగింది.

"నువ్వు ఆ దవాఖానా దిక్కు పోకు. ఇయ్యాల రేపు పడుచుపిల్లలకు గూడ సూది ఇస్తున్నరంట. ఇచ్చుకుంటే పిల్లలు గారంట. ఆ సూది గాలి గూడ నీకొద్దు."

"గాలికి ఏమైతదత్తమ్మా?"

"వద్దంటే వద్దు. మాటియ్యి."

ఋతుజ నవ్వుతూ చెయ్యి చాపి మాటిచ్చింది. అత్త అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. చెయ్యి వదలడానికి యమునాబాయికి ఒక క్షణం ఎక్కువే పట్టింది.

పది దాటాక కూరగాయల కోసం పోతూ ఋతుజ ఆరోగ్య కేంద్రం ముందునుంచే నడిచింది. గాలి తగలకుండా అవతలి పక్కనుంచే. బుట్టలు ఉన్నచోట ఇప్పుడు మనుషులు ఉన్నారు. హెల్మెట్లు చేతికి తగిలించుకున్నవాళ్లు, కార్లో దిగి నీడకోసం చూస్తున్నవాళ్లు. ఇక్కడ డోసులు ఉన్నాయని తెలిసి దూరంగా ఉన్న హోట్గి రోడ్ నుంచి కూడా వచ్చారు. పది బుట్టలు నల్లా పక్కన ఒకదానిలో ఒకటి దూర్చి గోపురంలా నిలబెట్టి ఉన్నాయి. అత్త బుట్టి అన్నిటికంటే అడుగున ఉంది.

మాట మరిచిపోయి రోడ్డు దాటింది.

"ఈ బుట్టలు ఎవరు తీసిన్రు?"

కాపలాదారు వెంకటేశ్ టోకెన్ల పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. అతనికి పడుచువాళ్లు వహినీలు, పెద్దవాళ్లు మావ్షీలు. "నేనే తీసిన వహినీ. బుట్టలకు ఏ చేతికి సూది వెయ్యాలె, చెప్పు?"

హెల్మెట్ల వరసలో ఒకరిద్దరు నవ్వారు. ఋతుజకు తాను పొద్దున అన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"వాళ్లు ఆరింటికే పెట్టిపోయిన్రు. కార్ఖానాకు పోయిన్రు."

"టోకెన్ తొమ్మిదిన్నరకు. మనిషి ఉండాలె, చేతుల ఆధార్ ఉండాలె. నలభై ఇచ్చిన, అయిపాయె. నేనేం జెయ్య?"

అతని గొంతులో దురుసు లేదు. నిజంగానే ఏం చెయ్యాలో తెలియనివాడిలా ఆకుపచ్చ పుస్తకం తెరిచి చివరి చింపిన ముక్క చూపించాడు.

ఒంటిగంటకు ఆడవాళ్లు కార్ఖానా నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. తమ బుట్టలు నల్లా పక్కన చూసి ఆగిపోయారు. తిట్లకు పేరుపడ్డ సీతాబాయి ముందుకు వచ్చింది. ఎర్ర దారం బుట్టి ఆమెదే, పొద్దున వరసలో మొదటిది. గోపురం మీంచి దాన్ని తీసి, అడుగు తడిసిందేమోనని చీర చెంగుతో తుడిచింది. తుడిచాక గొంతు లేచింది.

"ముట్టిండు! బుట్టిని ముట్టిండు! నీ ఇంట్ల బుట్టి పుట్టదా వెంక్యా? కార్ఖానాల యముడసొంటి చెకర్ గూడ ముట్టడు."

"అది కార్ఖానా, ఇది దవాఖానా మావ్షీ."

"మేం రెంటికీ ఒక్కలమే గదరా!"

అసలు సంగతి, బీడీలు సరిచూసి తీసుకునే ఆ చెకర్ పెట్టిన గడువు. శనివారం పొద్దున రెండో లస్ కాగితం చూపని ఆడమనిషికి ఆకూ లేదు, తంబాకూ లేదు. పనికార్డు పక్కన పెట్టేస్తారు, ఇక పని లేనట్టే. పక్కన పెట్టిన కార్డు మళ్లీ వరసలోకి ఎప్పుడు వస్తుందో చెప్పినవాళ్లు లేరు. అవతలి గల్లీలో ఒకామెది హోళీకి పక్కన పడింది, ఇంకా అక్కడే ఉంది. టోకెన్లేమో సరిగ్గా వాళ్లు కార్ఖానా గేటు ముందు ఉండే వేళకే ఇస్తారు. అటు నిలబడితే ఇటు పోతుంది.

ఇంటికి పోతూ యమునాబాయి తన బుట్టిని నెత్తిన పెట్టుకోలేదు. చంకలో, పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. "ఇరవయ్యారేండ్లు," అంది ఒకసారి.

గురువారం ఋతుజ మాట తప్పింది. పూర్తిగా కాదు, సగం. గేటు లోపలికి పోకుండా అత్త ఆధార్ కార్డు పట్టుకుని వరసలో నిలబడింది. వెంకటేశ్ కార్డు మీది ఫోటో చూశాడు, ఆమెను చూశాడు.

"ఇరవయ్యేండ్లు తగ్గినవ్ మావ్షీ," అన్నాడు. వరసంతా నవ్వింది. టోకెన్ ఇవ్వలేదు.

ఇంటికి పోవచ్చు. కాని కార్ఖానా నుంచి వచ్చాక వేస్తే ఏం పోతుందో ఋతుజకు అర్థం కావడం లేదు. ఎదుటి దుకాణం అరుగు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. పన్నెండున్నరకు నలభై మంది అయిపోయారు. కుర్చీలు ఖాళీ అయ్యాయి. కాని నర్సు ఇంటికి పోలేదు, లోపలే ఉంది. ఒకటిన్నరకు బీడీలు అప్పజెప్పి వస్తూ ఒకామె లోపలికి పోయింది, రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది. రెండింటికి ఇంకొకామె. ఆమే అంతే. మూడింటికి మరొకామె, ఆమె పేరు రూపాలి, సీతాబాయి పక్కింటామె. ముగ్గురూ వచ్చినప్పుడు ఎలా ఉన్నారో పోయేటప్పుడూ అలాగే ఉన్నారు, ఎవరూ చెయ్యి నొక్కుకోవడం లేదు. నాలుగింటికి ఒకతను మోటారు సైకిల్ మీద వచ్చి నీలం రంగు చలవపెట్టె తీసుకుని పోయాడు. అతను దాన్ని ఎత్తుతుంటే లోపల ఏదో కదిలిన చప్పుడైంది.

ఋతుజ లేచింది. గాలీ మాటా రెండూ మరిచి లోపలికి పోయింది.

నర్సు శీతల్ బల్ల వెనక కూర్చుని టిఫిన్ డబ్బా తెరుస్తోంది. ఆమెదీ తెలుగే, అశోక్ చౌక్ పిల్ల.

"సిస్టర్, ఆ పెట్టెల ఏముండె?"

"ఐస్. ఒక సీసా."

"లస్ సీసానా? నిండుదా?"

"నిండుదే. టోకెన్ల మీద ఒకటి ఎక్కువ వస్తది."

"మరి వాళ్లను ఎందుకు మళ్లగొట్టిన్రు?"

శీతల్ మూత పక్కన పెట్టింది. ఇంత తిన్నగా ఎవరూ ఆమెను అడిగినట్టు లేదు.

"సీసా మూత తీస్తే పది మందికి. తీసినంక నాలుగు గంటల్ల అయిపోవాలె. ఒక్కరి కోసం తీస్తే తొమ్మిది పారబొయ్యాలె, పైనోళ్లు నన్ను అడుగుతరు. వాళ్లేమో రోజూ ఒక్కొక్కరు వస్తరు. ఒకరు ఒకటిన్నరకు, ఒకరు మూడింటికి. నేను రేపు పొద్దున రమ్మంట. వాళ్లు తల ఊపుతరు, పోతరు. పొద్దున రారు."

"పొద్దున వాళ్లు కార్ఖానాల ఉంటరు."

"నాకెవరు చెప్పిన్రు?"

"మరి పది మంది ఒకేసారి వస్తే? నిన్న గేటు దాంక వచ్చి మళ్లిపోయిన్రు."

శీతల్ నవ్వింది. అలసిన ముఖం, నవ్వు మాత్రం కొత్తది. "వస్తే తీస్త. మూడున్నర లోపల రావాలె. నాలుగింటికి పెట్టె పోతది."

ఋతుజ పరిగెత్తలేదు గాని, పరిగెత్తినట్టే ఇంటికి వచ్చింది. యమునాబాయి చాట ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆకు, చిటికెడు తంబాకు, ఒక మడత, ఒక చుట్టు, గోటితో కొన లోపలికి, దారం. వింటున్నంతసేపూ చేతులు ఆగలేదు. "పది" అన్న మాట దగ్గర ఆగాయి.

"పదంటే… మన పది బుట్టలే గదా."

"అవునత్తమ్మా!"

యమునాబాయి కళ్లలో వెలుగు పొడిచింది. వెంటనే కళ్లు చిన్నవయ్యాయి.

"నీకెట్ల తెలిసింది? లోపలికి పోయినవా?"

"కొంచమే పోయిన."

"కొంచమే అంటే? గుమ్మం దాంకనా, బల్ల దాంకనా?"

"బల్ల దాంక."

యమునాబాయి చాట పక్కన పెట్టి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కోడలికి దిష్టి తీసింది. ప్రతీక్ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. కనుబొమల నిండా దూదితో తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏమైంది?" అన్నాడు. ఋతుజకు నవ్వాగక మోకాళ్లలో తల దాచుకుంది.

శుక్రవారం మూడుంబావుకు వాళ్లు కార్ఖానా నుంచి గుంపుగా వచ్చారు. శ్రావణ శుక్రవారమని కొందరి తలల్లో పూలున్నాయి. ఋతుజ గేటు దగ్గర ఎదురుచూస్తోంది. వేయించుకోవడానికి కాదు, చూడటానికి. అంత వరకే అత్త ఒప్పుకుంది. బుట్టలు వరసగా గోడ పక్కన దిగాయి, ఎవరి స్థానంలో వాళ్లవి. ఐదో చోట ఖాళీ మిగిలింది.

"రూపాలి ఏది?"

"జ్వరం," అంది సీతాబాయి. "పొద్దుగాల లేవలే. కార్ఖానాకు గూడ రాలే."

శీతల్ పెట్టెలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. వేలెడు సీసా. అందరూ దాన్నే చూశారు. ఆమె వేలుతో లెక్క పెట్టింది. మళ్లీ పెట్టింది.

"తొమ్మిది."

"ఒక్కటే గదమ్మా తక్కువ," అన్నారెవరో.

"ఒక్కటి గూడ పారబొయ్యొద్దని నిన్ననే మళ్లీ జెప్పిన్రు. ఇంకొకల్ని పిలువుండ్రి. పావుగంట ఉన్నది."

ఫోన్లు బయటికి వచ్చాయి. సీతాబాయి మరదలికి మొదటి లస్ అయి రెండు నెలలే, రెండోదానికి ఇంకో నెల ఆగాలి. సీతాబాయి కొడుకు సందీప్‌కు రెండూ అయిపోయాయి. వెంకటేశ్ అడక్కముందే గేటు దగ్గరినుంచి రెండు వేళ్లు చూపించాడు, తనకూ రెండూ అయ్యాయని. ఇంకొకరి తోడికోడలు చచ్చినా రానంది. ఫోన్లన్నీ ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. అందరి చూపులూ తిరిగి తిరిగి గుమ్మం పక్కన నిలబడ్డ ఋతుజ మీదికి వచ్చాయి. లేతపచ్చ గాజులు, ఇంకా చెరగని గోరింట, పద్దెనిమిది దాటిన చెయ్యి.

నోరు తెరవబోయిన సీతాబాయికన్నా ముందే యమునాబాయి అంది:

"మా కోడలి మాట ఎత్తొద్దు."

"ఎందుకెత్తొద్దు? తొమ్మిది మంది ఆకు పోతది యమునా."

"తొమ్మిది మందిల నేను లేనా సీతక్కా? నాది గూడ పోతది."

"నీకేం, నీ కొడుకు టవల్ కార్ఖానాల ఉన్నడు!"

యమునాబాయి ఒంగి తన బుట్టి ఎత్తుకుంది. గేటు వైపు నడిచింది. వెనక ఎవరో ఏడుపు గొంతుతో ఏదో అన్నారు. ఆమె తిరగలేదు.

ఋతుజ ఆ వీపును చూసింది. రెండు నెలలుగా అత్త చేతులు చూసింది, గోరు చూసింది, బుట్టి చూసింది. అన్నిటి గురించీ అడిగింది. ఈ భయం ఎంత పెద్దదని మాత్రం అడగలేదు. శనివారం, ఆకు, కార్డు, అన్నీ ఒక పక్క పెట్టి ఆమె ఇంకో పక్కకు నడిచిపోతోంది.

"సిస్టర్," అంది ఋతుజ. "నిజంగ పిల్లలు గారా?"

ఎవరూ అడగని మాట అది. అందరికీ తెలిసిన మాట.

శీతల్ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. తెల్లకోటు బొత్తాలు రెండు విప్పి పక్కకు తీసింది. కోటు కింద పొట్ట ఎత్తుగా, గుండ్రంగా ఉంది.

"జనవరిల మొదటిది తీసుకున్న. శివరాత్రికి ముంగట రెండోది. ఇప్పుడు ఐదో నెల. లెక్క పెట్టుకోండ్రి."

ఎనిమిది చేతులు లేచాయి. బొటనవేళ్లు వేళ్ల కణుపుల మీద జరగడం మొదలైంది. శ్రావణం, ఆషాఢం, జ్యేష్ఠం… వెనక్కి, వెనక్కి. "ఉగాది గుడీపాడ్వా అయినంక," అంది ఒకామె. "శివరాత్రి అయినంకనే," అంది ఇంకొకామె. గేటు దగ్గర యమునాబాయి కూడా ఆగింది. బుట్టి చంకలో ఉంది, ఖాళీ చేతి బొటనవేలు కదులుతోంది. లెక్క ముగిశాక ఆమె నాలుగడుగులు వెనక్కి వచ్చింది.

"నీకైతే అయినయి. నా బిడ్డకు గూడ అయితయని రాసిస్తవా?"

"రాసియ్య మావ్షీ," అంది శీతల్. "అట్ల ఎవ్వరు రాసియ్యలేరు. లస్ తీసుకోకున్నా ఎవ్వరు రాసియ్యరు. దీనితోని పోతయనేది మాత్రం అబద్ధం. నా కడుపు మీద చెయ్యి పెట్టి చెప్తున్న."

గోడ గడియారంలో మూడు ముప్ఫై ఎనిమిది. మూడున్నర దాటిపోయిందని శీతల్ అనలేదు.

ఋతుజ అత్త దగ్గరికి వెళ్లింది. "అత్తమ్మా, నాకు గూడ భయమైతున్నది. అబద్ధం జెప్ప. గాని నేను తీసుకుంట. ఆకు కోసమని గాదు. రేపు తీసుకోవాలన్నా ఇదే భయం ఉంటది గదా. ఇయ్యాల మీరు పక్కన ఉన్నరు."

యమునాబాయి కోడలి జడలోంచి జారుతున్న మల్లెమాలను తీసి మళ్లీ గుచ్చింది. దానికి చాలాసేపు పట్టింది.

"పది మంది ఉన్నరా?" అడిగింది శీతల్. "మూత తీసినంక మళ్లీ పెట్టరాదు."

"ఉన్నం," అంది ఋతుజ.

సీసా మీది చిన్న మూత టక్కుమని ఊడింది.

సీతాబాయితో మొదలై వరస నడిచింది. ఐదో చోటుకు ఎవరూ జరగలేదు. ఆ ఖాళీ అలాగే ఉండగా ఆరో ఆమె వచ్చి కూర్చుంది. యమునాబాయి వంతు వచ్చినప్పుడు ఆమె సూదిని గాని నర్సును గాని చూడలేదు. కోడలినే చూస్తూ భుజం ఇచ్చింది. తరువాత లేచి, అదే కుర్చీలో ఋతుజను కూర్చోబెట్టింది. రవిక చెయ్యి పైకి లాగాల్సి వచ్చింది. గేటు దగ్గర వెంకటేశ్ అమాయకంగా ఇటే చూస్తున్నాడు.

"అటు తిరుగురా వెంక్యా! నెమలి ఆడుతున్నదా ఇక్కడ?" అంది సీతాబాయి.

అతను గోడకేసి తిరిగాడు. యమునాబాయి కొంగు విప్పి తెరలా పట్టుకుంది. ఆ చీర తెరలో తంబాకు వాసన, మల్లెల వాసన, చల్లటి దూది ముద్ద. ఋతుజ కళ్లు మూసుకోలేదు. సూది ఎలా దిగుతుందో చూడాలనిపించి చూసింది.

"అయిపాయె," అంది శీతల్.

"అంతేనా?" అంది ఋతుజ, కొంచెం నిరాశగా.

అరగంట కూర్చోవాలి. పది మందీ ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. ఒళ్లో చాట లేదు, చేతుల్లో కత్తెర లేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. కొంతసేపటికి ఋతుజ గమనించింది. అందరి వేళ్లూ కదులుతున్నాయి. లేని ఆకును చుడుతున్నాయి, లేని కొనను మడుస్తున్నాయి. అత్తవి కూడా. చూసి చూసి ఆమెకు తెలియకుండానే తన వేళ్లూ కదిలాయి, తప్పుగా.

యమునాబాయి శీతల్‌ను అడుగుతోంది. "పుల్లగ తినాలనిపిస్తలేదా నీకు? రేపు చింతచిగురు పొడి పంపుత. ఆ డబ్బల ఏం తింటున్నవో చూసిన. గట్ల తినకు."

సీతాబాయికి ఇప్పుడు ధైర్యం వచ్చింది. శనివారం దాటినట్టే. భుజం రుద్దుకుంటూ యమునాబాయి వైపు ఒరిగి, అందరికీ వినబడేలా గొంతు తగ్గించింది.

"అది సరే గని యమునా, మాటకు అంటున్న. ఇంత జేసినంక రేపు నిజంగనే పిల్లలు గాకుంటే?"

కుర్చీల వరసంతా కదలడం ఆపింది. ఋతుజ వేళ్లు కూడా.

యమునాబాయి ముందు సీతాబాయిని చూసింది. తరువాత కోడలి చేతిని చూసింది. సూది దిగినచోట అంటించిన దూది ఊడబోతుంటే తన పొడుగాటి గోటితో దాన్ని మెల్లగా నొక్కి పెట్టింది.

"కాకుంటే కాకపాయె," అంది. "ఈ పిల్ల ఉంటది గదా."